మా బావిలోని రెక్కల చక్రము

నీటిని తోడు పంపును చూడని పిల్లవాడు నేడు మన ప్రాంతమున లేడు. మీట వేసినంతనే గొట్టము నుండి నీరు దుముకును. ఆ నీరు ఎట్లు పైకి వచ్చెనని అడుగువారు మాత్రము అరుదు. మేమును చిన్ననాడు అడిగినవారము కాము. అడుగక తప్పని అవసరము ఒకనాడు మా నెత్తిపైకి వచ్చిపడెను. ఆ ముచ్చటను, దానివలన మేము నేర్చిన నాలుగు మాటలను ఈ పత్రిక చదువు బాలబాలికలకును వారి తల్లిదండ్రులకును విన్నవింపదలచితిమి.

మేము ఇద్దరన్నదమ్ములము. మా ఊరు హోసూరు ప్రాంతములోనిది. మేము చదువుకొనునాడు అది ధర్మపురి జిల్లాలో ఉండెడిది. 2004 నుండి కృష్ణగిరి జిల్లాలో చేరినది. ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచేరీలో తమిళము, ఈ మూడింటి నడుమ పెరిగినవారము. మాకు మూడెకరముల మెట్ట, ఒక ఎకరము తోట, ఆ తోట నడుమ 45 అడుగుల లోతుగల బావి ఉండెను. మా తాతగారి కాలమున ఆ బావిపై కపిల తోలెడివారు. రెండెద్దులు వాలుబాటపై దిగుచుండగా తోలుబాన నీటితో పైకి వచ్చి, తొండము గుండ కాలువలో కుమ్మరించెడిది. ఎద్దులు వెనుకకు నడచినపుడు బాన మరల బావిలోనికి దిగెడిది. తాతగారు కోడికూత వేళకే కపిల కట్టి పాట ఎత్తుకొనెడివారని మా అవ్వ చెప్పుచుండెడిది. నాయనగారి కాలమునకు ఊరికి కరెంటు వచ్చెను. 5 అశ్వశక్తుల మోటారును, దానికి జతపరచిన పంపును బావిలో అమర్చిరి. కపిల మూలబడెను. అయినను ఎద్దులు ఇంటనే నిలిచెను. దుక్కికిని బండికిని అవియే ఆధారము.

పంపును బావిగట్టుపై పెట్టక, 25 అడుగుల లోతున రాతిలో చెక్కిన తిన్నెపై ఏల పెట్టిరో మాకు చాలకాలము తెలియలేదు. పంపు నీటిని పీల్చునని మనమందుము. నిజమునకు అది నీటిని పట్టి లాగునది కాదు. పంపు తన లోపల ఒత్తిడిని తగ్గించును. బావినీటిపై కూర్చున్న గాలి బరువే నీటిని గొట్టములోనికి నెట్టును. ఆ గాలి బరువు ఎంతటిదో 1643లో ఇటలీ దేశపు టోరిచెల్లి పాదరసముతో కొలిచి చూపెను. సముద్రమట్టమున అది నీటిని సుమారు 34 అడుగుల వరకే నిలుపగలదు. మా ప్రాంతము సముద్రమట్టమునకు రమారమి 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచట గాలి పలుచన కావున ఆ హద్దు 30 అడుగులకు తగ్గును. గొట్టములోని రాపిడియు ఇతర నష్టములును పోగా 20 అడుగులను నమ్మవచ్చును. మా బావిలో నీటిమట్టము 40 అడుగుల లోతున ఉండెను. కావుననే పంపు నీటికి 15 అడుగుల ఎత్తున తిన్నెపై కూర్చుండెను.

1986వ సంవత్సరపు వేసవిలో మా మోటారు కాలిపోయెను. తోటలో టమాటా నారు నాటి ఇరువది దినములైనను కాలేదు. మోటారును బండిపై పట్టణమునకు కొనిపోయి, లోపలి తీగ క్రొత్తగా చుట్టించి తెచ్చితిమి. దానిని అమర్చవలసిన కరెంటు పనివాడు రెండు దినముల పిమ్మటగాని రాలేనని కబురంపెను. “మూడు తీగలు విప్పినాము, మూడు తీగలు తగిలించలేమా?” అని మాలో పెద్దవాడు అనెను. చిన్నవాడు ఔననెను. పెద్దవాడు పదవ తరగతి, చిన్నవాడు ఎనిమిదవ తరగతి. నాయనగారు మమ్ము నమ్మిరి. ఏ తీగ మునుపు ఏ మరమేకుకు ఉండెనో గుర్తు పెట్టుకొనకయే మూడింటిని బిగించి పైకెక్కితిమి.

పంపు నిండ నీరుపోసి మీట వేయగా మోటారు చక్కగా తిరిగెను. మ్రోతలో ఏ లోపమును తోచలేదు. కాని గొట్టపు నోటినిండ దుముకవలసిన నీటికి బదులు, అవ్వ చెంబుతో చేతులు కడుగుకొన పోసినంత నీరు మాత్రము వచ్చెను. కాలువ తడిసినదే కాని పారలేదు.

పదునొకండు దినములు మా ఇంట పడిన తిప్పలు ఇన్నిన్ని కావు. బావిలో ఊట తగ్గినదని ఇరుగుపొరుగువారు అనిరి. త్రాటికి రాయి కట్టి కొలిచితిమి. నీటిమట్టము ఎప్పటియట్లే ఉండెను. అడుగునున్న ఫుట్‌వాల్వు కారుచున్నదేమో అని పేడ కలిపిన నీరు పోసితిమి. మా పల్లెలలో అది అందరెరిగిన చిట్కాయే. దానివలనను ఫలము లేకపోయెను. చివరకు పంపును విప్పి సైకిలుపై పట్టణమునకు మోసికొనిపోతిమి. అచటి మెకానిక్కు దాని మూతవిప్పి చూపినపుడు, మా తోటనంతయు పెంచిన ఆ చక్రమును మేము మొట్టమొదట కనులారా చూచితిమి.

అది పళ్లెమంత ఉండెను. అడ్డుకొలత 6 అంగుళములు. రెండు పోతయినుప బిళ్లల నడుమ ఆరు రెక్కలు. నడిమిని కన్నువంటి రంధ్రము. నీరు ఆ కంటిగుండ లోనికి వచ్చి, రెక్కల సందులలో నుండి అంచునకు పోవును. దానిని అంగళ్లలో ఇంపెల్లరు అందురు. మాకు మాత్రము అది రెక్కల చక్రమే. రెక్కలు బండిచక్రపు ఆకులవలె సూటిగా లేవు. కొడవలివలె ఒకవైపునకు వంగియుండెను. చుట్టునున్న గుల్ల నత్తగుల్లవలె ఒకచోట ఇరుకుగా మొదలై, రానురాను వెడల్పై, పై గొట్టములోనికి తెరచుకొనుచుండెను.

“చక్రము అరగలేదు, పగులలేదు. మోటారును చూపించండి” అని మెకానిక్కు అనెను. మోటారు చుట్టినవారిని అడుగగా, “మోటారు బాగుగా తిరుగుచున్నది గదా, పంపును చూపించండి” అనిరి. ఇరువురును నిజమే పలికిరి. ఒకరు మోటారును మాత్రమే చూచిరి. మరియొకరు పంపును మాత్రమే చూచిరి. రెండును కలసి తిరుగుటను చూచినవారము మేమిద్దరమే.

చూచియు మోసపోయితిమి. పంపును మరల బిగించి తిప్పినపుడు, చక్రము ఏ దిక్కునకు తిరుగుచున్నదో ఇరుసు జోడు వద్ద గమనించితిమి. రెక్కల వంపును జ్ఞాపకము చేసికొంటిమి. వంగిన రెక్క, దోసిలి పట్టిన చేయివలె, నీటిని ఎదురుగా తోడుచు తిరుగుచున్నట్లు లెక్కకు వచ్చెను. “సరిగానే ఉన్నది” అని ఒకరికొకరము చెప్పుకొంటిమి. చేతితో నీరు తోడువాడు అరచేతిని ముందుకు వంచును గాని వెనుకకు వంచడు గదా! ఆ తలపే మమ్ము ముంచినది.

ఈలోపల టమాటా మొక్కలు తలలు వాల్చెను. అమ్మయు అవ్వయు కడవలతో నీరు మోసిరి. ఎకరము తోటకు కడవనీరు ఏపాటి? నాయనగారు ఒక రాత్రి అన్నము ముందు కూర్చుండి, ఎద్దుల జతను అమ్మి క్రొత్త పంపు కొందమని నెమ్మదిగా అనిరి. ఎవ్వరును బదులు పలుకలేదు. ఆదివారమునాడు దళారి వచ్చెను. ఎద్దుల నోళ్లు తెరచి పండ్లు లెక్కించెను; మూపురములు తట్టెను; బుధవారమునాడు బయానా ఇత్తునని చెప్పి పోయెను. ఆ రెండెద్దులును మేము దూడలనాటి నుండి మేపినవి. చిన్నవాడు ఆ రాత్రి కొట్టములోనే పరుండెను.

సోమవారమునాడు మా సామాన్యశాస్త్రపు అయ్యవారిని అడుగ సాహసించితిమి. మేము చదివినది తెలుగు మాధ్యమము. అడుగవలసినది ఇంటిమాటలోనే అడుగవచ్చును. అందువలననే అడుగగలిగితిమని ఇప్పటికిని అనుకొందుము. పలకపై చక్రపు బొమ్మ వ్రాసి, అది తిరుగు దిక్కును గీచి చూపితిమి. అయ్యవారు క్షణకాలము చూచి, “రెక్క నీటిని తోడునని మీకెవరు చెప్పిరి?” అని అడిగిరి. మాయొద్ద సమాధానము లేదు.

ఆయన ఒక అట్టను గుండ్రముగా కత్తిరించి, నడుమ గుండుసూది గుచ్చి, గిరగిర త్రిప్పి, సూది చెంత ఒక సిరాచుక్క విడిచిరి. అట్ట ఆగిన పిమ్మట చూడగా, సిరాజాడ నడిమి నుండి అంచునకు సూటిగా పోక, అట్ట తిరిగిన దిక్కునకు వెనుకగా వంగియుండెను. “చుక్క తనదారిని తాను బయటికి పోవుచున్నది. క్రింద అట్ట ముందుకు జరిగిపోవుచున్నది. కావున అట్టపై పడిన జాడ వెనుకకు వంగినది. మీ చక్రములోని నీరును ఇట్లే పోగోరును. రెక్కను ఆ దారికి అనుగుణముగా వంచినచో నీరు తట్టుకొనక సాఫీగా జారి, వేగము పుంజుకొని అంచు దాటును. ఎదురుగా వంచి త్రిప్పినచో రెక్క నీటిని మోదును, సుడులు లేచును, బలమంతయు ఆ కలతలోనే వ్యయమగును” అని వివరించిరి. పిదప ఇంకొక మాట అనిరి: “ఆ పంపుగుల్లపై ఎక్కడనో ఒక బాణపు గుర్తు పోసి ఉండును. పోయి చూడుడు.”

బడి విడిచినంతనే పరుగెత్తితిమి. కరెంటు ఫ్యూజులు తీసివేసి తిన్నెపైకి దిగితిమి. గుల్లపై ఏండ్లనాటి బురదయు, రంగుపొరలును పేరుకొనియుండెను. కొబ్బరిపీచుతోను, చివరకు కొడవలిమొనతోను గీకితిమి. పోతయినుములోనే ఉబ్బెత్తుగా పోసిన బాణము బయటపడెను. అది చూపు దిక్కు వేరు. మా మోటారు తిరిగిన దిక్కు వేరు. పదునొకండు దినములు మా చక్రము తలక్రిందులుగా పనిచేసినది.

మూడు ఫేజుల మోటారులో ఏ రెండు తీగలను తారుమారు చేసినను అది ఎదురుదిక్కునకు తిరుగునని అయ్యవారు చెప్పియుండిరి. ఎదురు తిరిగినను పంపు నీటిని బావిలోనికి త్రోయదు. నీరు పైకే వచ్చును గాని బలము చాలక బహు కొలదిగా వచ్చును. అందువలననే ఎవరికిని అనుమానము కలుగలేదు. నీరు బొత్తిగా రాకున్నచో ఎవరో ఒకరు తీగల సంగతి తలచియుందురు. కొంచెముగా పనిచేయు తప్పును కనుగొనుట ఎంత కష్టమో నాడు తెలిసెను.

ఈసారి తీగల జోలికి మేము పోలేదు. కరెంటు పనివానిని వెంటబెట్టుకొని వచ్చితిమి. అతడు రెండు తీగలను మార్చి బిగించెను. నీరుపోసి మీట వేసితిమి. గొట్టము ఒకమారు దగ్గినట్లు చప్పుడు చేసి, నోటినిండ నీటిని దుమికించెను. కాలువ పారెను. అమ్మ కడవను గట్టుపై దించి నిలుచుండిపోయెను.

తప్పు మాదని నాయనగారితో చెప్పుట ఆ నీరు తెప్పించుటకంటె కష్టమయ్యెను. పెద్దవాడు మొదలు పెట్టగా చిన్నవాడు ముగించెను. ఆయన కోపింతురని తలచితిమి. ఆయన కాలువలో కాళ్లు కడుగుకొనుచు, “బావిని అనుమానిస్తిమి, పంపును అనుమానిస్తిమి. మన చేతిని అనుమానించలేదు గదరా!” అని మాత్రమనిరి. ‘మీ చేతిని’ అనక ‘మన చేతిని’ అనుట నేటికిని మా చెవులలో ఉన్నది. బుధవారమునాడు దళారి వచ్చినపుడు, తాంబూలమిచ్చి, మజ్జిగ పోసి, ఎద్దులను అమ్ముట లేదని పంపివేసిరి.

ఆ తరువాత మాకు ఆ చక్రముపై మక్కువ పుట్టెను. దొరికిన పుస్తకమునెల్ల చదివితిమి. మా మోటారు నిమిషమునకు సుమారు 2,880 చుట్లు తిరుగునది. 6 అంగుళముల చక్రము ఆ లెక్కన తిరిగినచో దాని అంచు సెకనుకు 75 అడుగుల వేగముతో పోవును. గాలి అడ్డులేనిచో, ఆ వేగమున నిటారుగా విసరిన రాయి 85 అడుగులకు పైగా ఎగురును. మా నీరు ఎక్కవలసినది 40 అడుగులు మాత్రమే. చక్రము నీటికి వేగమునిచ్చును. నత్తగుల్ల రానురాను వెడల్పగుచు ఆ వేగమును తగ్గించి ఒత్తిడిగా మార్చును. ఆ ఒత్తిడి నీటిని గట్టు దాటించును. చక్రమును గుల్లయును ఒకే దిక్కునకు అమరినవి కావుననే ఒకటి ఎదురు తిరిగినచో రెండును చెడును.

మొదట పంపులో నీరు ఏల పోయవలెనో అదియును తెలిసెను. గాలి నీటికంటె సుమారు 800 రెట్లు తేలిక. చక్రము గాలిని విసరినను పుట్టు ఒత్తిడి అత్యల్పము. దానివలన బావినీరు పైకి లేవదు. బరువైన నీరు లోపల ఉన్నపుడే చక్రమునకు పట్టు దొరకును.

ఆ వంపును మానవుడు ఒక్కనాట కనుగొనలేదు. పదునేడవ శతాబ్దపు చివర ఫ్రాన్సు దేశీయుడు డెనీ పపాఁ సూటి రెక్కల చక్రములతో నీటిని ఎత్తజూచెను. 1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున ఆంగ్లేయుడైన ఆపోల్డు వంపు రెక్కల చక్రమును చూపెను. పరీక్షింపగా, సూటి రెక్కలు తమకిచ్చిన బలములో 24 శాతమును మాత్రమే పనికి తేగా, వంపు రెక్కలు 68 శాతమును తెచ్చెనట. మేము పొరపడినచోటనే లోకమును బహుకాలము పొరపడినదని చదివి కొంత ఊరట చెందితిమి!

గాలి సంగతియు ఇట్టిదే. 1556లో వెలువడిన అగ్రికోలా గ్రంథమున, గనులలోనికి గాలిని పంపు రెక్కల చక్రముల బొమ్మలున్నవి. మన పల్లెలలోని కమ్మరి కొలిమికి తోలుతిత్తి పోయి చేతితో త్రిప్పు గాలిచక్రము వచ్చినదికదా, అదియు ఈ కుటుంబములోనిదే. రాకెట్టులో ఇంధనమును మంటలోనికి నెట్టునదియు, బలహీనమైన గుండెకు తోడుగా అమర్చిన యంత్రములో రక్తమును నడుపునదియు రెక్కల చక్రములే.

ఈ చక్రమునకును మన రాష్ట్రమునకును మరియొక సంబంధము కలదు. కోయంబత్తూరు నగరము పంపులకు పేరుపొందినది. అచట తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో పుట్టిన జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారితో కలసి, 1937లో మన దేశమున విద్యున్మోటారును నిర్మించిరి. 1893లో పల్లెటూర జన్మించిన నాయుడుగారు 1974లో కీర్తిశేషులైరి. పరభాషా ప్రాంతమున తెలుగు మాటలాడు పిల్లవాడు యంత్రవిద్యకు దూరము కానక్కరలేదనుటకు ఆయన జీవితమే సాక్ష్యము.

మా బావి ఇప్పుడు ఎండినది. నాయనగారును లేరు. తోటలో బోరు వేసితిమి. లోతున సబ్‌మెర్సిబుల్ పంపు ఉన్నది. బోరు ఇరుకు కావున పెద్దచక్రము పట్టదు. అందుచేత చిన్నచిన్న చక్రములను ఒకదానిపైనొకటి అంతస్తులుగా పేర్చుదురు. ఒక చక్రము ఇచ్చిన ఒత్తిడిపై తరువాతి చక్రము తన ఒత్తిడిని చేర్చును. పెక్కు చక్రములు కలసి, కపిల కలనైనను అందుకొనలేని లోతు నుండి నీటిని తెచ్చును. కాని చక్రము నీటిని ఎత్తునే కాని పుట్టింపదు. మా తాతగారి ఎద్దులు అలసినపుడు బావికి ఊటపట్టుటకు వేళ చిక్కెడిది. మోటారుకు అలుపు లేదు. ఎక్కడ ఆపవలెనో తెలిసికొనవలసిన భారము మీటపై చేయివేసిన వానిదే.

పాత పంపును మేము అమ్మలేదు. అది పశువుల కొట్టములో, కపిల తొండము ప్రక్కన ఉన్నది. మా పిల్లలు బడినుండి వచ్చినపుడు ఆ బాణపు గుర్తును చూపి ఈ కథ చెప్పుదుము. విద్యార్థులారా! మీ ఇంటి పంపుపైనను అట్టి గుర్తు ఒకటి ఉండును. ఈ సెలవులలో పెద్దలను తోడుగొని, మోటారు ఆపియున్నపుడు, బురద తుడిచి దానిని వెదకుడు. అట్టముక్కయు సిరాచుక్కయు తీసికొని మా అయ్యవారు చూపిన ప్రయోగమును చేసి చూడుడు. తెలియనిదానిని మీ అయ్యవారిని మీ ఇంటిమాటలోనే అడుగుడు. మేము ఒక్కదినము ముందుగా అడిగియుండినచో, మా ఎద్దుల పండ్లను పరాయివాడు లెక్కించియుండడు.